మొదటి పాప గుండె లోపంతో పోయింది. ఈసారి మూడో నెలలోనే తెలుసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ మేడంకు నమస్కారం. మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. మేనమామ కొడుకునే చేసుకున్నాను. రెండేళ్ల కిందట మొదటి కాన్పులో పాప పుట్టింది. అయిదో నెలలో తీసిన స్కాన్‌లో అంతా నార్మల్ అన్నారు. పుట్టినప్పుడు బరువు బాగుంది, గట్టిగా ఏడ్చింది. రెండో రోజు సాయంత్రానికి పెదవులు, గోళ్లు నీలంగా మారాయి. పాలు తాగలేదు. అక్కడి నుంచి ఇంకో ఊరికి, ఆ ఊరి నుంచి మరో పెద్దాసుపత్రికి పంపారు. గుండె నుంచి వచ్చే రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయని అక్కడ చెప్పారు. ఆపరేషన్ అనే లోపే నాలుగో రోజు పోయింది. ఇప్పుడు నాకు మళ్లీ తొమ్మిది వారాలు. మూడో నెలలోనే బిడ్డ గుండె చూడొచ్చని ఎవరో చెప్పారు. ఇక్కడి డాక్టరమ్మ అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ చాలంటోంది. ఎక్కువ స్కాన్లు తీయిస్తే బిడ్డకు మంచిది కాదని మా అత్త అంటుంది. గ్రహణం రోజు నేను బయటికి పోయినందుకే పాపకు అట్లయిందని ఇప్పటికీ అంటుంది. మా ఆయన ఏమీ అనడు, రాత్రిళ్లు నిద్ర మాత్రం పోడు. ఇదంతా మేనరికం వల్లే అయిందా? ఈసారి ముందే తెలిస్తే మేము ఏం చేయాలి? టెన్షన్‌తో అన్నం కూడా సయించడం లేదు.
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు గ్రహణం సంగతి మాట్లాడుకుందాం. అది మనసులో ఉన్నంతకాలం మిగతావేవీ మీ చెవికెక్కవు.

చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క వేస్తే, ఆరో వారానికల్లా బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికది ఒక చిన్న గొట్టం మాత్రమే. ఆ గొట్టం వంపు తిరిగి, గదులుగా విడిపోయి, పైనున్న ఒకే పెద్ద నాళం రెండుగా చీలి, పదో వారానికల్లా గుండె దాదాపు పూర్తి ఆకారానికి వస్తుంది. ఆ పెద్ద నాళం చీలేటప్పుడు మెలి తిరుగుతూ చీలాలి. అలా చీలితేనే ఒంటికి రక్తం తీసుకెళ్లే నాళం ఎడమ గదికి, ఊపిరితిత్తులకు తీసుకెళ్లే నాళం కుడి గదికి సరిగ్గా కుదురుకుంటాయి. మెలి పడకపోతే రెండూ తారుమారవుతాయి. మీరు రాసినదాన్ని బట్టి మీ పాపకు జరిగింది ఇదే. నెల తప్పిన సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పుకునే రోజులకే ఇదంతా అయిపోయి ఉంటుంది. గ్రహణం రోజు మీరు బయట తిరిగినా, తలుపులు వేసుకుని ఇంట్లో పడుకున్నా ఆ నాళం చీలే తీరు మారదు. మీరు తిన్నదాని వల్లో, ఎత్తిన బిందె వల్లో, చేసిన ప్రయాణం వల్లో కూడా అలా కాలేదు. ఇలాంటి లోపం ఎందుకు వచ్చిందో చాలామంది పిల్లల్లో వైద్యులకు కూడా తేలదు.

ఈ భాగం మీ అత్తగారికి చదివి వినిపించండి. పోయింది ఆమె మనవరాలు కూడా. కారణం తెలియని దుఃఖం ఎవరో ఒకరి మీద పడుతుంది, ఇంట్లో అది కోడలి మీద పడటం మనకు కొత్త కాదు. అయినా సరే, ఆ మాట ఇక మీ ఇంట్లో వినిపించకూడదని నేను గట్టిగా కోరుతున్నాను. కడుపుతో ఉన్న మనిషికి ఆ నింద మోయించడం అన్యాయం.

మేనరికం విషయంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మన రాయలసీమ ఇళ్లల్లో మేనమామనో, మేనమామ కొడుకునో చేసుకోవడం మామూలే. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్నవాళ్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు కొంత ఎక్కువ, గుండె లోపాలూ అంతే. అలాగని మేనరికమే మీ పాప ప్రాణం తీసిందని చెప్పలేం. ఏ బంధుత్వమూ లేని దంపతులకు కూడా, పుట్టే ప్రతి 1,000 మంది పిల్లల్లో దాదాపు 8 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. మేనరికాల్లో పుట్టినవాళ్లలో అత్యధికులు ఆరోగ్యంగా ఉన్నారు. మీ ఊళ్లోనే చుట్టూ చూస్తే తెలుస్తుంది. నేను అడగదలచింది ఇంకొకటి. మీ పాపకు గుండె కాకుండా ఇంకేదైనా తేడా కనిపించిందా? అదనపు వేలు, పెదవి చీలిక, కిడ్నీల్లో లోపం, అలాంటివి? ఉంటే మీరిద్దరూ ఒకసారి జెనెటిక్ కౌన్సెలింగ్‌కు, అంటే జన్యు నిపుణుల సలహాకు వెళ్లాలి. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే లోపభూయిష్టమైన జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి అది బయటపడే అవకాశం ఉంటుంది కాబట్టి. గుండె తప్ప మిగతావన్నీ బాగున్నాయంటే మీ భయం చాలా తగ్గించుకోవచ్చు. ఒక బిడ్డకు గుండె లోపం వచ్చిన తల్లికి తర్వాతి బిడ్డలోనూ ఏదో ఒక గుండె లోపం వచ్చే అవకాశం సాధారణంగా 100లో 2 నుంచి 3. మేనరికం కాబట్టి మీకు కొంచెం పైన వేసుకున్నా, ఈసారి బిడ్డ గుండె బాగుండే అవకాశమే చాలా ఎక్కువ.

ఇక మీ అసలు ప్రశ్న. మూడో నెలలో బిడ్డ గుండె చూడొచ్చు. మీ విషయంలో చూడాలి కూడా.

11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల లోపు ఎన్‌టీ స్కాన్ అని ఒకటి చేస్తారు. బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే పలుచని నీటి పొరను అందులో కొలుస్తారు. 1992లో లండన్‌లో నికొలాయిడెస్ బృందం ఆ పొర మందంగా ఉన్న బిడ్డల్లో క్రోమోజోముల లోపాలు ఎక్కువని చూపించింది. తర్వాత కొన్నేళ్లకు, క్రోమోజోములు బాగానే ఉన్నా ఆ పొర మందంగా ఉంటే గుండె లోపాలు ఎక్కువగా ఉంటున్నాయని తేలింది. అందుకే ఆ కొలత 3.5 మిల్లీమీటర్లో, అంతకన్నా ఎక్కువో ఉంటే బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూడమంటాం. అదే సమయంలో గుండె కుడి వైపు కవాటం నుంచి రక్తం వెనక్కి కారుతోందా, కాలేయం దగ్గరి చిన్న సిరలో రక్తం ఎదురు నడుస్తోందా అన్నవి కూడా చూస్తే అనుమానానికి ఇంకొంత ఆధారం దొరుకుతుంది.

ఇవన్నీ గుర్తులు. గుండెను నేరుగా చూడటం వేరే. 12, 13 వారాలప్పుడు ఆ గుండె కందిగింజంత ఉంటుంది. మంచి మిషన్ ఉండి, చేయి తిరిగిన డాక్టర్ అయితే అంత చిన్న గుండెలోనూ రక్తం కదలికను రంగుల్లో చూపే డాప్లర్ పెట్టి రెండు ప్రధాన గదుల్లోకి రక్తం రెండు పాయలుగా దిగుతోందా, పైన రెండు పెద్ద నాళాలు వచ్చి 'వి' ఆకారంలో కలుస్తున్నాయా అని చూడగలరు. నాళాలు తారుమారైన గుండెలో సాధారణంగా ఆ 'వి' కనిపించదు, ఆ చోట ఒకటే పెద్ద నాళం కనబడుతుంది. మీ మొదటి పాపకు ఉన్న లోపానికి మూడో నెలలోనే అనుమానం రాగల వీలుంది అని నేను చెప్పేది అందుకే. కడుపు మీద నుంచి సరిగా కనిపించకపోతే లోపలి నుంచి స్కాన్ చేస్తామంటారు. దానికి భయపడొద్దు, బిడ్డకు ఏమీ కాదు. పన్నెండున్నర, పదమూడు వారాల మధ్య వెళితే పదకొండో వారంలో కన్నా గుండె బాగా కనిపిస్తుంది కాబట్టి మీకు ఆ రోజుల్లోనే అపాయింట్‌మెంట్ తీసుకోమని నా సలహా.

అయితే ఒక జాగ్రత్త. మూడో నెలలో 'బాగుంది' అంటే 'ఇప్పటివరకు కనిపించినంతలో బాగుంది' అని మాత్రమే అర్థం చేసుకోండి. కొన్ని లోపాలు తర్వాతే బయటపడతాయి. కవాటం కొద్దికొద్దిగా బిగుసుకుపోవడం, ఒక గది ఎదగకుండా ఆగిపోవడం, పెద్ద ధమని ఒకచోట సన్నబడటం, గుండె లయ తప్పడం లాంటివి మూడో నెలలో తెలియకపోవచ్చు. అలాగే అప్పుడు ఏదో అనుమానంగా కనిపించి, 16వ వారానికి చూస్తే ఏమీ లేదని తేలే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి మూడో నెల స్కాన్ ఒక్కదాని మీద ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకండి. అనుమానం వస్తే 16 వారాల దగ్గర మళ్లీ చూపించుకోండి. రాకపోయినా 18 నుంచి 20 వారాల మధ్య టిఫా, ఆ తర్వాత 20 నుంచి 22 వారాల మధ్య బిడ్డ గుండె కోసమే చేసే ఫీటల్ ఎకో తప్పకుండా చేయించుకోండి. మీ ఊరి డాక్టరమ్మ చెప్పింది మామూలు గర్భిణికి సరిపోతుంది. మొదటి బిడ్డ గుండె లోపంతో పోయిన తల్లికి అది చాలదు. ఇదే మాట ఆమెతో మర్యాదగా చెప్పి, ఫీటల్ ఎకోకు రెఫరల్ రాయమని అడగండి.

ఇంకో మాట. ఎన్‌ఐపీటీ అని తల్లి రక్తంతో చేసే ఖరీదైన పరీక్ష ఒకటి ఉంది. అన్నీ అందులో తెలిసిపోతాయనుకుని అప్పు చేసి మరీ చేయించుకునేవాళ్లు ఉన్నారు. అది డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోముల లోపాలను వెతికే పరీక్ష. గుండె ఆకారం దానికి తెలియదు. మీ దగ్గర డబ్బు ఒక్కదానికే సరిపోయేట్టుంటే అది ఫీటల్ ఎకోకు పెట్టండి.

పోయినసారి టిఫా నార్మల్ అన్నారు కదా, మరి ఎలా తప్పిపోయింది అని మీకు అనిపిస్తూనే ఉంటుంది. నాళాలు తారుమారైన గుండెలో నాలుగు గదులూ చక్కగానే ఉంటాయి. స్కాన్ చేసేవాళ్లు నాలుగు గదుల దగ్గరే ఆగిపోతే 'గుండె నార్మల్' అనే రాస్తారు. అక్కడి నుంచి పైకి వెళ్లి, ఏ గది నుంచి ఏ నాళం బయల్దేరింది, రెండూ ఒకదాన్నొకటి దాటుతున్నాయా అని చూస్తేనే ఈ లోపం దొరుకుతుంది. ఆ రోజు బిడ్డ బోర్లా పడుకుందేమో, మిషన్ పాతదేమో, బయట నలభై మంది క్యూలో ఉన్నారేమో నాకు తెలియదు. ఈసారి మాత్రం స్కాన్ బల్ల ఎక్కకముందే 'మొదటి పాపకు గుండె నాళాలు తారుమారై పోయింది' అని చెప్పండి. అడిగితేనే చెప్పాలని ఊరుకోవద్దు. వెతకాల్సింది ఏమిటో తెలిసి వెతకడానికీ, ఊరికే చూడటానికీ చాలా తేడా ఉంటుంది. రిపోర్టు చేతికి వచ్చాక నాలుగు గదులతో పాటు అవుట్‌ఫ్లో ట్రాక్ట్స్ (గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళాలు), త్రీ వెసెల్ వ్యూ (గుండె పైనున్న నాళాలను పక్కపక్కన చూడటం) అన్న మాటలు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి కనిపించలేదని రాసి ఉంటే దాన్ని నార్మల్ అనుకోకూడదు. కాసేపు నడిచి వచ్చో, వారం ఆగి వచ్చో మళ్లీ చూపించుకోవాలి.

మీ లేఖలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న 'ముందే తెలిస్తే మేము ఏం చేయాలి' అన్నది. మనవైపు చాలామందికి స్కాన్‌లో లోపం అనగానే ఒకటే తోస్తుంది, తీయించేసుకోవాలా అని. నేను ఇన్నేళ్లుగా తల్లులకు చెప్తున్నది వేరు. స్కాన్ గదిలో నుంచి బయటికి వచ్చేముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, 'ఈ బిడ్డ ఎక్కడ పుట్టాలి?'

ఎందుకో చూడండి. కడుపులో ఉన్నంతకాలం నాళాలు తారుమారైన బిడ్డకు ఏ బాధా ఉండదు. ఆక్సిజన్ మాయ నుంచి అందుతుంది. అందుకే బరువు పెరుగుతుంది, పుట్టగానే గట్టిగా ఏడుస్తుంది, అందరూ సంతోషపడతారు. పుట్టాక ఊపిరితిత్తుల్లో శుభ్రమైన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే వెళ్తుంది, ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తం మళ్లీ ఒంట్లోకే వెళ్తుంది. ఆ రెండూ కాస్తయినా కలవడానికి ఉన్న దారులు రెండే: గుండె పైగదుల మధ్య ఉండే చిన్న రంధ్రం, పెద్ద నాళాల మధ్య ఉండే ఒక చిన్న నాళం. నెలలు నిండి పుట్టిన దాదాపు ప్రతి బిడ్డలోనూ ఆ చిన్న నాళం మొదటి రెండు మూడు రోజుల్లో దానంతటదే మూసుకుపోతుంది. మిగతా పిల్లలకు అది మంచిదే. ఈ పిల్లలకు అదే ప్రాణం మీదికి వస్తుంది. మీ పాప రెండో రోజు సాయంత్రం నీలంగా మారడానికి కారణం అది.

ఆ నాళం మూసుకోకుండా ఆపే మందు ఉంది. ప్రోస్టాగ్లాండిన్ అంటారు, డ్రిప్‌లో సన్నగా ఎక్కిస్తారు. అవసరమైతే సన్నని గొట్టం చివర బెలూన్ పెట్టి పైగదుల మధ్య రంధ్రాన్ని పెద్దది చేస్తారు. 1966 నుంచీ చేస్తున్న చికిత్స ఇది. ఆ తర్వాత, సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లో, రెండు నాళాలనూ కోసి సరైన చోట్ల మార్చి కుట్టే ఆపరేషన్ చేస్తారు. మంచి సెంటర్లో సకాలంలో ఆ ఆపరేషన్ జరిగిన పిల్లల్లో ఎక్కువమంది బతికి, బడికి వెళ్లి, ఆడుకుని, పెద్దవాళ్లవుతారు. పుట్టుకతో వచ్చే పెద్ద గుండె లోపాల్లో చక్కగా సరిచేయగలిగినవాటిలో ఇదొకటి. కావలసిందల్లా మందు ఉన్న చోట, బెలూన్ వేయగల డాక్టర్ ఉన్న చోట బిడ్డ పుట్టడం.

1999లో పారిస్ వైద్యులు ఈ ఒక్క లోపం మీదే ఒక లెక్క ప్రచురించారు. కడుపులో ఉండగానే లోపం తెలిసిన బిడ్డలు 68 మంది. వాళ్లలో ఆపరేషన్ దాకా చేరకుండా పోయినవాళ్లు ఒక్కరూ లేరు, ఆపరేషన్ తర్వాత పోయినవాళ్లూ లేరు. పుట్టాక తెలిసినవాళ్లు 250 మంది. వాళ్లలో 15 మంది ఆపరేషన్‌కు ముందే పోయారు. జబ్బు రెండు గుంపులకూ ఒకటే, చికిత్స చేసిన ఆసుపత్రీ ఒకటే. పారిస్‌లోనే తేడా అంత ఉంటే, పిల్లల గుండె ఆపరేషన్ కోసం ఎంతో దూరం ప్రయాణం చేయాల్సిన జమ్మలమడుగు బిడ్డకు ముందే తెలియడం ఎంత ముఖ్యమో ఆలోచించండి. మీ పాపను ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి తిప్పిన గంటలు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఆ గంటలకు మీరు బాధ్యులు కారు. మీకు ఎవరూ ముందే చెప్పలేదు.

ఈసారి ఇలాంటిదే కనిపిస్తే, కాన్పు ఎక్కడో అయిదో నెలలోనే నిర్ణయించుకోవచ్చు. కడప వైపువాళ్లకు దగ్గర తిరుపతి. అక్కడ టీటీడీ వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి కూడా తిరుపతిలోనే ఉంది. పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు వైపు చూస్తారు. ఎక్కడికి వెళ్లాలనుకున్నా ముందే ఫోన్ చేసి 'నెల లోపు పసిబిడ్డకు ఈ ఆపరేషన్ చేస్తారా, ఇప్పుడు బెడ్లు ఇస్తున్నారా' అని ఖచ్చితంగా అడగండి. గుండె ఆసుపత్రి అని బోర్డు ఉన్న ప్రతిచోటా రెండు రోజుల బిడ్డకు ఆపరేషన్ చేయరు. కాన్పు అక్కడే అనుకున్నాక 36, 37 వారాలకే మీరు ఆ ఊళ్లో ఉండేట్టు చూసుకోండి. కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న పట్టింపు ఉంటే ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి, మీ అమ్మగారినే ఆ ఊరికి రమ్మనండి. గుండె లోపం ఉందని సిజేరియన్ చేయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. నొప్పులు ఎప్పుడు వస్తాయో అని చూడకుండా, డాక్టర్లందరూ అందుబాటులో ఉండే రోజు చూసి కాన్పు చేయడం మాత్రం మంచిది.

ఖర్చు గురించి మీరు రాయలేదు, కానీ ఆలోచించే ఉంటారు. పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద ఉన్నాయి. మన రాష్ట్రంలో ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. కార్డు, ఆధార్ ఇప్పుడే సరిచూసి పెట్టుకోండి. పుట్టిన బిడ్డ పేరు కార్డులో లేదు కదా అని ఆగిపోకుండా ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలవండి.

అన్ని గుండె లోపాలూ ఒకటి కాదు. గదుల మధ్య గోడలో చిన్న రంధ్రం ఒక్కటే అయితే చాలాసార్లు పుట్టాక దానంతటదే పూడుకుంటుంది, కడపలోనే కాన్పు చేయించుకోవచ్చు. కొన్నింటికి ఆరు నెలలు నిండాక, ఏడాది లోపు ఆపరేషన్ సరిపోతుంది. గుండె సగభాగం ఎదగకుండా ఉండిపోయే లోపాలూ ఉన్నాయి. వాటికి వరసగా రెండు మూడు ఆపరేషన్లు కావాలి, ఆ తర్వాత కూడా జీవితం తేలిక కాదు. అలాంటిది తేలితే కాన్పుకు వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య బిడ్డకు తీవ్రమైన లోపం ఉన్నప్పుడు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు దగ్గరికి వెళ్లాలి. 18 ఏళ్లు నిండిన స్త్రీ అయితే సంతకం ఆమెది చాలు, భర్తదీ అత్తమామలదీ చట్టం అడగదు. టిఫాను 23, 24 వారాల దాకా వాయిదా వేయొద్దని నేను పోరేది ఇందుకే. లోపం కనిపిస్తే క్రోమోజోములు చూడటానికి చేసే ఉమ్మనీటి పరీక్ష పూర్తి రిపోర్టు రావడానికే రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆలస్యమైతే ఆలోచించుకునే సమయం కూడా మిగలదు. ఏ నిర్ణయమైనా ఆసుపత్రి వరండాలో బంధువుల మధ్య నిలబడి తీసుకోకండి. పిల్లల గుండె డాక్టర్‌తో మీరిద్దరూ కూర్చుని, ఈ లోపంతో బిడ్డ ఎలా బతుకుతుంది, ఎన్ని ఆపరేషన్లు, ఎక్కడ అని అడిగి తెలుసుకున్నాకే తేల్చుకోండి. మీరు ఏది తేల్చుకున్నా దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఎక్కువ స్కాన్ల వల్ల బిడ్డకు హాని అన్న భయానికి సమాధానం చిన్నదే. ఇది ఎక్స్‌రే కాదు, మనిషి చెవికి వినిపించని శబ్దం. ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా కడుపులో బిడ్డకు హాని చేసినట్టు తేలలేదు. మొదటి నెలల్లో డాప్లర్‌ను అవసరమైనంతసేపే వాడాలన్నది మేము పాటించే నియమం. నేను చెప్పిన స్కాన్లు ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకు జవాబు కోసం. ముచ్చటకు తీయించుకునే స్కాన్లు మాత్రం వద్దు. స్కాన్ సెంటర్లో ఫారం మీద సంతకం, గుర్తింపు కార్డు అడుగుతారు, అది చట్టం. ఆడో మగో అడగొద్దు, వాళ్లు చెప్పకూడదు.

ఈ వారంలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి పాప కాగితాలు వెతకండి. ఎకో రిపోర్టు, డిశ్చార్జి లేదా మరణ సమయంలో ఇచ్చిన సమ్మరీ, ఏది ఉన్నా సరే. లేకపోతే మీ ఆయన ఆ ఆసుపత్రి రికార్డుల విభాగానికి వెళ్లి తేదీ చెప్పి నకలు అడగాలి. స్కాన్ చేసే డాక్టర్‌కు ఆ కాగితం మీ మాటకన్నా ఎక్కువ చెప్తుంది. షుగర్ పరీక్ష చేయించుకోండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా. గర్భానికి ముందు నుంచే తల్లికి షుగర్ ఉంటే బిడ్డ గుండె లోపాలు మూడు నాలుగు రెట్లు పెరుగుతాయి, మన దగ్గర చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. మూర్ఛకు గానీ మరో దీర్ఘకాల జబ్బుకు గానీ మందులు వాడుతుంటే సొంతంగా ఆపకుండా డాక్టర్‌కు చూపించండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకుంటూ ఉండండి. అన్నం సయించకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

స్కాన్లన్నీ బాగున్నా, పుట్టాక ఒక పని మరిచిపోవద్దు. బిడ్డకు 24 గంటలు నిండాక కుడి చేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూడమని అడగండి. 95 కన్నా తక్కువ వచ్చినా, చేతికీ పాదానికీ మధ్య 3 కన్నా ఎక్కువ తేడా ఉన్నా మళ్లీ చూడాలి. అప్పుడూ అలాగే ఉంటే వెంటనే ఎకో కావాలి. 90 లోపు వస్తే ఆగకుండా పిల్లల డాక్టర్‌ను పిలవాలి. నిమిషాల్లో అయిపోయే పరీక్ష, సూది కూడా అక్కర్లేదు. ఆ రెండు అంకెలు కాగితం మీద రాయించుకోకుండా డిశ్చార్జి తీసుకోకండి.

మీ ఆయన గురించి ఒక మాట. నిద్రపోని మనిషికి ఏం చేయాలో తెలిస్తే కొంత తేలికపడతాడు. రికార్డులు తెచ్చే పని, ఆసుపత్రులకు ఫోన్లు చేసే పని ఆయనకు అప్పజెప్పండి. పదమూడో వారం స్కాన్‌కు ఇద్దరూ కలిసి వెళ్లండి, ఆయన్ని కూడా లోపలికి రానివ్వమని డాక్టర్‌ను అడగండి. రిపోర్టు వచ్చాక, పాప పాత ఎకోలో ఏం రాశారో దాంతో కలిపి నాకు మళ్లీ రాయండి. ఫీటల్ ఎకో 20వ వారంలో సరిపోతుందా, ఇంకా ముందే 16వ వారంలో కూడా ఒకసారి చూపించుకోవాలా అన్నది ఆ రెండూ చూసి చెప్తాను.